పోదనూరులో నేను పట్టిన క్యాచ్

ఆ రోజుల్లో హాకీ ఆడి ఒక మిల్లు గుమాస్తా ఎంత నష్టపోగలడో ఎవరూ లెక్క కట్టి ఉండరు. నేను కట్టాను. ఒకటిన్నర పళ్లు (ముందువరసలో ఒకటి పూర్తిగా, దాని పక్కది సగం), ఇరవై ఏడు వెలగపండ్లు, అరువు తెచ్చిన హాకీ స్టిక్కు ఒకటి, మా మేనమామకు నా బుద్ధి మీద ఉండిన నమ్మకం, జానెడు ఎత్తున్న వెండిపూత కప్పు ఒకటి, కుళాయి ఉన్న ఇల్లు ఒకటి. ఈ జాబితాలో ఆ చివరి ఇల్లు నాది కాదు. నాదే అయి ఉంటే ఈ సంగతి మొదటి నుంచి చివరి దాకా నవ్వుతూనే చెప్పేవాణ్ణి.

మావాళ్లు కోయంబత్తూరు సీమకు వచ్చి ఎన్నేళ్లయిందో ఎవరికీ తెలియదు. మా అవ్వ పదహారు తరాలు అనేది. నేను తరానికి ఇరవై అయిదు వేసి నాలుగు వందల ఏళ్లు అని తేల్చి చెబితే, "నువ్వు వచ్చి చూస్తివా?" అని కసిరేది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు నేను ఇరవై దాటాక పంచాంగం ముందు పెట్టుకుని సొంతంగా కూడబలుక్కున్నవే. లెక్కలూ అంతే. బడిలో అయ్యవారు చెప్పిన లెక్క ఒక్కటీ రాలేదు గాని, బయట కనిపించిన ప్రతిదాన్నీ ఎంచడం మాత్రం ఎలాగో అలవాటైంది. సింగానల్లూరు దగ్గరి నూలు మిల్లులో టైమాఫీసు గుమాస్తా ఉద్యోగం నాకు ఆ అలవాటు వల్లనే దొరికింది. హాకీ జట్టులో చోటు దొరకడానికి మాత్రం నా ప్రతిభ ఏమాత్రం కారణం కాదు. పదిమంది ఉన్నారు, పదకొండోవాడు కావలసి వచ్చాడు.

టైమాఫీసులో నా పని చిన్నదే. పొద్దున ఆరు గంటలకు గేటు బయట బదిలీవాళ్లు (రానివాళ్లకు బదులుగా ఆ రోజుకు మాత్రం పని దొరికేవాళ్లు) వరసగా నిలబడేవారు. లోపల పర్మనెంటు మనుషులు ఎందరు రాలేదో ఎంచి, నా కిటికీలోంచి అన్ని ఇత్తడి బిల్లలు వరస ప్రకారం అందించేవాణ్ణి. బిల్ల అందినవాడికి ఆ రోజు పని. అందనివాడు తెచ్చుకున్న చద్ది గిన్నె అలాగే పట్టుకుని ఇంటికి. వరస తప్పించి ఒకరికి ఇచ్చే అధికారం నాకు లేదు. ఆ వరసలో అందరికన్నా ఒక తల ఎత్తుగా, ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు మోకాలికి ఆనించుకుని కునుకు తీసేవాడు నాకు వరసకు బావమరిది. అందరూ వాణ్ణి కొక్కు అనేవారు (మావాళ్ల మాటల్లో కలిసిపోయిన తమిళం, కొంగ అని అర్థం). కొక్కు చేతిలో స్టిక్కు ఉంటే మాత్రం నిద్రపోయేవాడు కాదు. ఆగి ఉన్న బంతిని వాడు కొడితే గోలు పలక మోగిన చప్పుడు మిల్లు సైరను దాకా వినిపించేది. ఆగి ఉన్న బంతి అని ఎందుకు అంటున్నానో కొంచెం ఆగితే తెలుస్తుంది.

ఆ ఏడు మిల్లులూ రైల్వేవాళ్లూ కలిసి ఆడే పోటీలో మేము ఎలాగో ఆఖరి ఆటకు చేరాం. ఎదుటివాళ్లు పోదనూరు రైల్వే కాలనీ జట్టు. వాళ్ల పిల్లలు నడక నేర్చుకునేది స్టిక్కు ఊతతోనే అని చెప్పుకునేవారు. మా స్పిన్నింగ్ మాస్టరు (మిల్లులో నూలు విభాగమంతా ఆయన చేతి కింద నడిచేది, మేము దేవుడి తర్వాత ఆయనకే భయపడేవాళ్లం) క్యాంటీనులో అందరి ఎదుట నిలబడి ఒక మాట అన్నాడు: "పోదనూరు నుంచి కప్పు తెండి. కొక్కుకు పర్మనెంటు చీటీ నా చేత్తోనే రాసిస్తా. లైనిండ్లలో పదమూడో నంబరు ఖాళీగానే ఉండాది." (లైనిండ్లు అంటే మిల్లు తన పర్మనెంటు మనుషులకు కట్టించిన వరస ఇళ్లు.) కొక్కు వాళ్లమ్మ, అంటే మా అత్త, మైలు దూరం నుంచి రోజూ పదకొండు బిందెల నీళ్లు మోసే మనిషి. మర్నాడే ఆ పదమూడో నంబరు ఇంటికి పోయి, వాకిట్లో కుళాయి తిప్పి చూసి, కట్టేసి, మళ్లీ తిప్పి చూసి వచ్చిందట. "నీళ్లు వస్తాండాయి అల్లుడా, తియ్యగా ఉండాయి," అని నాతో చెప్పింది, ఆ కుళాయి నేనే పెట్టించినట్టు.

మేము గోలు కొట్టగలిగింది ఒకే ఒక దారిలో, షార్ట్ కార్నరులో. ఎదుటివాళ్లు తమ గోలు దగ్గర తప్పు చేస్తే అది దొరుకుతుంది: ఒకడు గోలు గీత మీద నుంచి బంతిని తోస్తాడు. ఇంకొకడు గోలు ముందు గీసిన అర్ధచంద్రం అంచున కూర్చుని చేత్తో ఆపుతాడు. ఆగిన బంతిని కొక్కు కొడతాడు. ఆ కాలంలో బంతిని చేత్తో ఆపవచ్చు, పట్టుకుని ఉంచుకోకూడదు, విసరకూడదు. ఆపడం నా వంతు. నేను పదింటిలో నాలుగు ఆపేవాణ్ణి. నాలుగు చాలవని నాకు నేనే తేల్చుకున్నాను.

మా కెప్టెను సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి, పట్టాళం అన్న అనేవాళ్లం. ఆయనను అడిగితే, "కణక్కూ, చెయ్యి పెట్టు, బంతి ఆగుతాది. దీనికి పాఠమేందిరా?" అన్నాడు. (కణక్కు అంటే లెక్క. జట్టులో అందరూ నన్ను ఆ పేరుతోనే పిలిచేవారు.) నాకు ఆ జవాబు నచ్చలేదు. నేను ఒక సిద్ధాంతం కట్టాను. హాకీ అంటే వంగడం, చూడటం, ఆపడం, ఈ మూడే. వంగడంలో హాకీవాళ్లకన్నా గొప్పవాళ్లు వేరే ఆటలో ఉన్నారు. చూడటంలో ఇంకో ఆటలో, ఆపడంలో మరో ఆటలో. ఒక్కొక్క ఆటలో మొనగాడి దగ్గర ఒక్కొక్కటి తీసుకుని కూడితే పూర్తి హాకీ ఆటగాడు కాక ఎక్కడికి పోతాడు? కూడికలో తప్పేమీ లేదని ఇప్పటికీ నా నమ్మకం. తప్పంతా నేను ఎత్తిరాసుకోవడంలో ఉంది. ఒక అంకె వదిలినా మొత్తం తప్పుతుందనే భయం ఉన్నవాణ్ణి కాబట్టి, మొనగాడు చేసే పనిలో ఏది ముఖ్యమో ఏది కాదో చూడకుండా ఉన్నదంతా ఎత్తిరాసేవాణ్ణి.

మొదటి గురువు మా మేనమామ. సడుగుడులో (మీరు కబడ్డీ అంటారు) ఆయన కూతకు పోతే ఎదుటివాళ్లు ముందే పక్కకు తప్పుకునేవారు. నేల మీద చీమను కూడా తొక్కనట్టు అంత కిందకు వంగి తిరిగేవాడు. నేను రెండు ఆదివారాలు కూర్చుని ఆయన అడుగులు ఎంచి, మూడో ఆదివారం మా ప్రాక్టీసు ఆటలో అలాగే వంగి పరుగెత్తాను. అంతవరకు బాగుంది. మామ కూత పెట్టి ఊపిరి బిగబట్టి పోతాడు గదా, ఆ అంకె కూడా వదలకుండా నేనూ "సడుగుడు సడుగుడు" అంటూ ఒకే ఊపిరిలో పోయాను. ముప్పై ఒకటో అడుగున కళ్లు తిరిగి స్టిక్కు మీదే పడ్డాను. అది పట్టాళం అన్న సైన్యం నుంచి తెచ్చుకున్న స్టిక్కు. నడిమికి విరిగింది. మామ వచ్చి, నీళ్లు చల్లి, విషయం విన్నాడు. "ఏమ్రా, నీ ఆటలో ఊపిరి తీసుకోకూడదని ఎవురన్నా చెప్పినారా?" అన్నాడు. ఆ తర్వాత పొలం హద్దులు కొలవడానికి నన్ను పిలవడం మానేశాడు.

రెండో గురువు ఒక రేక్లా మొనగాడు. మా వైపు జోడెద్దులను చిన్న బండికి కట్టి పందెం తోలుతారు, అదే రేక్లా. ఆయన ఎన్నడూ ఎద్దులను చూసేవాడు కాదు. దూరాన పాతిన జెండా మీదే చూపు. ఎద్దుల సంగతి చేతులకు తెలుస్తుందట. ఇది గొప్ప సూత్రమని నేను కూడా బంతిని చూడటం మానేసి గోలు మీదే చూపు నిలిపాను. బంతి సంగతి నా చేతుల కన్నా ముందు పళ్లకు తెలిసింది. ఆ ఒకటిన్నర అప్పుడే పోయింది. కొక్కు నా సగం పన్ను మట్టిలో వెతికి తెచ్చి అరచేతిలో పెట్టి, "ఇంక ఈ గురువులు పోదుం బావా, పోదుం," అన్నాడు. చాలు అని అర్థం. వాడి గొంతులో బతిమాలుడు ఉంది. నేను దాన్ని నా మీద జాలి అనుకున్నాను. వాడికి పదమూడో నంబరు ఇల్లు గుర్తుకు వస్తూ ఉండి ఉంటుందని అప్పుడు తోచలేదు.

ఆపడానికి మూడో గురువు కావాలి. ఆర్.ఎస్. పురం దాటి ఒక మైదానంలో ఆదివారాలు ఆఫీసర్లు క్రికెట్టు ఆడేవారు. టౌను బస్సు ఎక్కి పోయి కంచె బయట నిలబడి చూసేవాణ్ణి. అక్కడ స్లిప్పులో, అంటే బ్యాటు అంచు తాకి వెనక్కి దూసుకొచ్చే బంతిని పట్టే చోట, పెద్ద బొజ్జ ఉన్న పెద్దమనిషి ఒకాయన నిలబడేవాడు. నాలుగు ఆదివారాల్లో ఆయన వైపు పంతొమ్మిది బంతులు వచ్చాయి, పద్దెనిమిది చేతిలో పడ్డాయి. పంతొమ్మిదోది వచ్చినప్పుడు ఆయన తుమ్ముతున్నాడు, అది లెక్కలోకి రాదు. ఆయన పద్ధతిని అయిదు అంకెలుగా రాసుకున్నాను. ఒకటి, మోకాళ్లు ఎడంగా పెట్టి కూర్చున్నట్టు వంగడం. రెండు, రెండు అరచేతులూ చేట మాదిరి కలపడం. మూడు, బంతి తగలగానే చేతులు కొంచెం వెనక్కి ఇవ్వడం. నాలుగు, బంతిని ఆకాశానికి ఎగరెయ్యడం. అయిదు, అంపైరు వైపు తిరిగి గొంతెత్తి అరవడం.

ఇదే అసలైన విద్య అని నాకు తెలిసిపోయింది. ఇంటి వెనక కొక్కును ఇరవై అడుగుల దూరాన నిలబెట్టి, వెలగపండ్లు విసరమనేవాణ్ణి. హాకీ బంతి ఒక్కటే ఉండేది, అది మిల్లుది, ఇంటికి ఇవ్వరు. వెలగపండు బరువులోనూ గట్టిదనంలోనూ దానికి దగ్గర. వారం రోజుల్లో నా చేతులు మెత్తబడ్డాయి. పదింటిలో తొమ్మిది ఆగుతున్నాయి. ఆగిన ప్రతిదాన్నీ ఎగరేసి అరిచేవాణ్ణి. ఎగిరినవి కింద పడి పగిలేవి. అందుకే ఇరవై ఏడు.

మూడో రోజే కొక్కు అడిగాడు, "బావా, ఆపేది సరి. ఈ ఎగరేసేది, అరిచేది ఏమిటికి బావా? హాకీలో అరిస్తే విజిలు ఊదుతారే!"

"ఒరే, ఆయన అయిదూ చేస్తాడు. అయిదూ చేస్తేనే పద్దెనిమిది పట్టినాడు. నాలుగో అయిదో తీసేస్తే మూడోది చెడిపోతే ఏం చేస్తావు?"

"మూడోదానితో ఆగిపోతే బంతి ఆగుతాది గదా?"

"నీకు లెక్క తెలియదు. గ్రౌండులో నేను మూడుతోనే ఆపుతాను. ఇంట్లో మాత్రం అయిదూ చెయ్యాల."

"చెయ్యికి ఇల్లేది, గ్రౌండేది ఎట్ల తెలుస్తాది బావా?"

నేను నవ్వాను. పదో తరగతి దాటనివాడు నన్ను ప్రశ్న అడిగాడని నవ్వాను (నేనూ దాటలేదు). నా జీవితంలో నన్ను ఎవరైనా అడిగిన ప్రశ్నల్లో అంత సరైనది ఇంకొకటి లేదు.

ఆట రోజు మిల్లు లారీలో పోదనూరు పోయాం. మైదానం అంచున రైల్వే కాలనీ జనం, మావైపు లైనిండ్ల వాళ్లు, స్పిన్నింగ్ మాస్టరు కుర్చీలో. అత్త కూడా వచ్చింది. మాస్టరు కుర్చీకి పది అడుగుల దూరంలో నేల మీద కూర్చుంది. వాళ్లు ఒక గోలు వేశారు, మేము ఒకటి వేశాం. మాది షార్ట్ కార్నరే. బంతి నేల మీద జారుతూ వచ్చింది, నేను మూడు అంకెలతో ఆపాను, కొక్కు కొట్టాడు, పలక మోగింది. నా సిద్ధాంతం గెలిచిందని నాకు గర్వంగా ఉంది. నా మూలంగా వాడికి సగం ఇల్లు వచ్చేసిందని కూడా లెక్క వేసుకున్నాను.

ఆట ముగియడానికి నాలుగు నిమిషాలు ఉండగా ఇంకో షార్ట్ కార్నరు దొరికింది. పట్టాళం అన్న నా వీపు తట్టి, "కణక్కూ, ఇది ఒగటి ఆపు చాలు," అన్నాడు. నేను మోకాళ్లు ఎడంగా పెట్టి వంగాను. కొక్కు నా వెనక స్టిక్కు ఎత్తి నిలబడ్డాడు. బంతి బయలుదేరింది. పోదనూరు నేలలో ఒక గులకరాయి ఉంది. ఎవరూ చూడని ఆ రాయి తాకి బంతి ఒక్కసారిగా పైకి లేచి నా ఛాతీ ఎత్తుకు వచ్చింది. వెలగపండు వచ్చే ఎత్తు సరిగ్గా అదే.

అంత అందంగా నేను ముందెన్నడూ పట్టలేదు, తర్వాతా పట్టలేదు. రెండు అరచేతులూ కలిశాయి, బంతి చప్పుడు లేకుండా ఒదిగింది, చేతులు జానెడు వెనక్కి ఇచ్చాయి. పక్కకు జార్చి ఉంటే చాలు. కాని నాలుగో అంకె వచ్చేసింది. బంతి ఆకాశంలోకి లేచింది. నేను అంపైరు వైపు తిరిగి, రెండు చేతులూ చాచి, ఆర్.ఎస్. పురం పెద్దమనిషి గొంతుతో "హౌజ్ దట్!" అని అరిచాను.

అంపైరు రైల్వేలో రిటైరైన ముసలాయన, విజిలు నోట్లో ఉండగానే నోరు తెరిచాడు, అది కింద పడింది. వంగి తీసుకుని, తుడుచుకుని, "తంబీ, నాట్ అవుట్," అన్నాడు. తర్వాత ఊదాడు. జనం నవ్వు ఎంతసేపు సాగిందో నేను ఎంచలేదు. బంతి వాళ్లకు ఇచ్చారు. మావాళ్లు నవ్వు ఆపుకునేలోపు (అవును, మావాళ్లు కూడా నవ్వారు) వాళ్లు ముగ్గురు బంతిని అటు కొస దాకా తీసుకుపోయి గోలులో వేశారు. నేను వెనక్కి తిరిగి చూస్తే కొక్కు ఇంకా స్టిక్కు ఎత్తుకునే ఉన్నాడు. వాడి ముందు నేల మీద బంతి ఉండవలసిన చోటునే చూస్తున్నాడు.

తిరుగు లారీలో స్పిన్నింగ్ మాస్టరు ముందు కూర్చున్నాడు. దిగేటప్పుడు "వచ్చే ఏడు చూస్తాం," అన్నాడు. వచ్చే ఏటికి పత్తి ధర పెరిగి మిల్లువాళ్లు హాకీ జట్టునే తీసేశారు. పదమూడో నంబరు ఇల్లు దూది ఏకే కార్డింగు విభాగంలో పనిచేసే ఒక పర్మనెంటు మనిషికి పోయింది. అత్త నన్ను ఒక్కమాట కూడా నిష్ఠూరంగా అనలేదు. లారీ దిగాక నా పక్కన నడుస్తూ చాలా దూరం ఆలోచించి, "బంతి చేతికి దొరికితే మంచిదే గదా సామీ? దానికి ఏమిటికి తప్పంటారు వాళ్లు?" అని అడిగింది. అయిదు అంకెల సంగతి ఆమెకు ఎలా చెప్పను? "వాళ్ల చట్టం అత్తా," అన్నాను.

కొక్కు మళ్లీ గేటు ముందు ఒంటికాలి మీద నిలబడ్డాడు. నేను మళ్లీ కిటికీ వెనక. బిల్లలు అయిపోయిన రోజున వాడు నా వైపు చూసి, తప్పు తనదే అన్నట్టు తల గీరుకుని, చద్ది గిన్నె చేతిలో ఊపుకుంటూ వెళ్లిపోయేవాడు. ఒక్కసారైనా ఆ ఆట సంగతి ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నేను క్షమించమని అడిగి ఉండేవాణ్ణేమో. ఆ పని చేతకాక, ఎప్పటిలాగే చేతనైన పని చేశాను. వాడు అలా తిరిగిపోయిన ప్రతి పొద్దునా జేబు పుస్తకంలో ఒక గీత గీశాను. ఏడాది దాటి మూడు నెలలకు వాడు విసిగి, సింగానల్లూరులో మోటారు పంపులు చేసే చిన్న పట్టరలో (లేత్ మిషన్ల షెడ్డును మేము పట్టర అంటాం) చేరిపోయాడు. గీతలు ఆగాయి.

మొన్న మా మిల్లు మూసేశారు. మేజాబల్ల ఖాళీ చేస్తుంటే ఆ పుస్తకం దొరికింది. నాకు యాభై రెండు, కొక్కుకు యాభై. వాడిప్పుడు సొంతంగా రెండు లేతులు పెట్టుకున్నాడు. అత్త పోయి పదేళ్లయింది. పుస్తకం తీసుకుని టౌను బస్సెక్కి వాడి దగ్గరికి పోయాను. టీ తెప్పించాడు. టీ చల్లారేదాకా అదీ ఇదీ మాట్లాడి, చివరికి పుస్తకం తెరిచి వాడి ముందు పెట్టాను.

"ఒరే, నా వల్ల నీవు గేటు నుంచి తిరిగిపోయిన పొద్దులు. రెండుసార్లు ఎంచినాను. నూట అరవై మూడు."

వాడు చేతుల నూనె గుడ్డకు తుడుచుకుని, అద్దాలు పెట్టుకుని, పేజీలు తిప్పాడు. నవ్వాడు. "లెక్కల పులి! తప్పు కణక్కు బావా. నూట అరవై నాలుగు."

నాకు కోపం వచ్చింది. ఆటలో తప్పాను గాని ఎంచడంలో ఎన్నడూ తప్పినవాణ్ణి కాను. "ఎట్లరా? ప్రతి దినం నా చేత్తో గీసినాను."

"పోదనూరు ఆట అయిన మర్నాడు, సోమవారం. నీవు కిటికీలో లేవు గదా? జ్వరమని లీవు పెట్టింటివి. వేరే పిల్లోడు బిల్లలు ఇస్తాండె. నేను వస్తిని బావా. నా దాకా రాలేదు."

జ్వరం లేదు. ఆ రోజు నేను మామ ఊళ్లో, జొన్నచేను గట్టు మీద, వాడి ముఖం చూడలేక దాక్కుని ఉన్నాను. ముప్పై ఏళ్లు పుస్తకం దాచుకున్నాను గాని, ఆ రోజు గేటు ముందు కూడా వరస ఉండి ఉంటుందని ఒక్కనాడూ తోచలేదు. వాడికి మాత్రం పుస్తకం లేకుండానే నూట అరవై నాలుగూ గుర్తున్నాయి.

"సరే, టీ తాగు, చల్లారిపోయింది," అన్నాడు కొక్కు. తాగాను. బస్సులో కూర్చున్నాక పెన్సిలు తీసి, మూడును కొట్టేసి పక్కన నాలుగు వేశాను. తల నెరిసిన మనిషి ఊగే బస్సులో నాలుక బయటపెట్టి ఒక్క అంకె దిద్దుకోవడం చూసి పక్క సీటు పెద్దామె, "ఏముంగ, పెద్ద బాకీనా?" అని అడిగింది. నాకే నవ్వు వచ్చింది. ఆమాంగ, అవునండీ, అన్నాను. నూట అరవై నాలుగు.